కెప్టెన్ చిత్రభాను పూర్వ చరిత్రపై తీర్మానం

బెంగాల్లోని లిలువా ఆంధ్ర శ్రామిక గ్రంథాలయ సంఘం పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది ఆగస్టులో అత్యవసర సర్వసభ్య సమావేశం జరిపి, కెప్టెన్ చిత్రభాను అనే వ్యక్తిని అతని పూర్వ ప్రవర్తన కారణంగా ఏకగ్రీవంగా ఖండించింది. ఆ తీర్మానం రాసింది నేనే. నా పేరు వెంకటేశు. సంఘానికి సహాయ కార్యదర్శిని, రైలు పెట్టెల కర్మాగారం ఆఫీసులో గుమాస్తాని. చిత్రభాను అనే మనిషి భూమి మీద ఎన్నడూ పుట్టలేదనీ, అతనొక నవలలోని అంతరిక్ష నౌకకు కెప్టెన్ అనీ తీర్మానంలో ఎక్కడా రాయలేదు. అందరికీ తెలిసిన విషయాలు తీర్మానాల్లో రాసే అలవాటు మా సంఘానికి లేదు.

ఆ నవల పేరు 'అరుంధతి నౌక'. ఏడు భాగాలు. నక్షత్రాల మధ్య సరుకు మోసే ఒక పాత ఓడ, దాని కొలిమి గదిలో పనిచేసే నూట పదకొండు మంది, వాళ్ళు పీల్చే గాలిని కూడా కొలిచి ఇచ్చే ఒక కంపెనీ, కంపెనీ మాట కాదని కొలిమి గది పక్షాన నిలబడే కెప్టెన్. ఇదీ కథ. ఏడో భాగం అరవై ఆరులో వచ్చింది. రచయిత ఎప్పుడైనా రైలు కర్మాగారం గడప తొక్కాడో లేదో మాకు తెలియదు. కొలిమి గదిలో వేడి గురించి అతను రాసిన పేజీలు విని మా ఫిట్టర్లు మాత్రం "ఈయనెవరో మన షాపులో పని సేసినోడే" అని తేల్చేశారు.

'విని' అన్నాను. 'చదివి' అనలేదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కర్మాగారంలో చేరిన పెద్దవాళ్ళకి చదువు లేదు. వాళ్ళ పిల్లలు బెంగాలీ బళ్ళలోనో హిందీ బళ్ళలోనో చదివారు. తెలుగు అక్షరాలను కదిలే రైల్లోంచి స్టేషను బోర్డు చూసినట్టు చూస్తారు. అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా గ్రంథాలయంలో ఒకరు చదువుతారు, అరవై డెబ్బై మంది వింటారు. పేరు గ్రంథాలయమే. అందులో కూర్చుని తమంతట తాము పుస్తకం తెరిచినవారు పదకొండేళ్ళలో ఒక్కరూ లేరు. దీనివల్ల పుస్తకాలు చాలా శుభ్రంగా ఉన్నాయి.

చదివేవాడు సత్యారావు. రిటైరైన వెల్డరు, బక్క మనిషి, ఎనభైలో అసన్సోల్ వైపు నుంచి బదిలీ మీద వచ్చాడు. గొంతు మాత్రం భగవంతుడు వేరే ఎవరికో ఇవ్వబోయి ఇతనికిచ్చాడు. కొలిమి గది మేస్త్రి వీరన్న మాటలు చదివేటప్పుడు అతని గొంతులో బొగ్గు నలిగేది. ఏడు భాగాలూ ఇప్పటికి మూడుసార్లు చదివాడు. గాలి కోత పెట్టిన రోజున కెప్టెన్ తన గదిలోని గాలి గొట్టాన్ని విప్పి కొలిమి గదికి ఇచ్చే ఘట్టం వస్తే మూడోసారి కూడా ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. మా ఉపాధ్యక్షుడు గవరయ్య తన మనవడికి చిత్రభాను అని పేరు పెట్టుకున్నాడు. బెంగాలీ వాళ్ళ నోరు కూడా తిరిగే పేరు కావడంతో ఆ పిల్లవాడికి బళ్ళో ఇబ్బంది రాలేదు.

కెప్టెన్‌లో మాకు నచ్చిన గుణాలు రెండు. కొలిమి గదిలోకి దిగేముందు టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు. మేస్త్రి వీరన్న ఎదురుపడితే తలెత్తి అతని మొహంలోకి చూడడు. పనివాడి పట్ల ఇంత వినయం ఎక్కడైనా ఉందా అని మా అధ్యక్షుడు కోదండం గారు ఏటా మే ఒకటో తారీఖున ఉపన్యసించేవారు.

అలా ఉండగా ఎనభై ఎనిమిది జూన్‌లో కబురు తెలిసింది. ఎనభయ్యేళ్ళ వయసులో ఆ రచయిత ఎనిమిదో పుస్తకం రాశాడట. అది ఏడో భాగం తర్వాతి కథ కాదు, మొదటి భాగానికి ముందు జరిగిన కథ. చిత్రభాను కెప్టెన్ కాకముందు ఏం చేశాడు, వీరన్న అరుంధతి నౌక ఎక్కకముందు ఎక్కడున్నాడు, అన్నీ ఉన్నాయట. పుస్తకం బెజవాడ నుంచి రైలు పార్సిల్లో వచ్చింది. అట్ట మీద 'శూన్య భాగం' అని ఉంది.

ఒకటి కంటే ముందు వచ్చే పుస్తకాన్ని రిజిస్టరులో ఎక్కడ రాయాలన్న సమస్యతో మొదటి ఆదివారం గడిచింది. రెండో ఆదివారానికి అంతకన్నా మౌలికమైన ప్రశ్న వచ్చింది: దీన్ని ఎప్పుడు చదవాలి?

"ముందు జరిగినది ముందు సదవాల. అంతే. ఇది సదివి, మళ్ళీ ఒకటో భాగం కాణ్ణించి ఏడూ సదవాల" అన్నాడు గవరయ్య.

"చరిత్రను కార్మికవర్గం ఏ క్రమంలో తెలుసుకున్నదో అదే సరైన క్రమం" అన్నారు కోదండం గారు. "ఆఖరున వచ్చింది ఆఖరునే చదవాలి."

ఏడు భాగాలూ అందరూ మూడుసార్లు వినేశారు కాబట్టి ఇద్దరు చెప్పినదాని ప్రకారమూ ఇప్పుడు చదవవలసింది ఈ పుస్తకమే. అయినా సిద్ధాంత విభేదం సిద్ధాంత విభేదమే. ముందు వర్గం, వెనుక వర్గం అని రెండు ఏర్పడ్డాయి. ముందు వర్గం వాళ్ళు కాలనీలో ఊరేగింపు తీసి "చోల్బే నా, చోల్బే నా" అని నినాదాలిచ్చారు. ఏది నడవదో బెంగాలీ పొరుగువాళ్ళు అడగలేదు; ఈ ఊళ్ళో ఆ నినాదానికి కర్త అక్కర్లేదు. చివరికి ఉభయ వర్గాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి. పుస్తకం వెంటనే చదవాలి, అయితే ముందు చదివినట్టా వెనుక చదివినట్టా అన్నది తర్వాత తేల్చాలి.

ఆవిష్కరణకి పార్టీ లోకల్ కమిటీ నాయకుడు, అందరూ దాదా అని పిలిచే ఒకాయన, వచ్చారు. ఆయనకి తెలుగు రాదు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "ఖూబ్ భాలో" అని మెచ్చుకుని, కోదండం గారి చెవిలో కెప్టెన్ ఏ యూనియన్ అని అడిగారు. "మనదే దాదా" అన్నారు కోదండం గారు. దాదా సంతృప్తి చెంది, చిత్రభాను చూపిన బాటలో నడవాలని నలభై నిమిషాలు మాట్లాడారు. లోడ్‌షెడ్డింగ్ సమయానికి వచ్చి మమ్మల్ని కాపాడింది.

చదవడం మొదలైంది. వారానికో అధ్యాయం. పుస్తకం బీరువాలో తాళం వేసి ఉంటుంది. శనివారం మాత్రం సత్యారావు ఇంటికి తీసుకుపోయి, మర్నాటి అధ్యాయం ఒకసారి చూసుకుని తెచ్చేవాడు. మొదటి నాలుగు అధ్యాయాలూ బ్రహ్మాండంగా సాగాయి. చంద్రుడి మీద ఓడలు కట్టే కర్మాగారం. ఇరవై రెండేళ్ళ చిత్రభాను అక్కడ హాజరు రాసే గుమాస్తా. పడుచు వీరన్న అక్కడే కొలిమి పని. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు, ఒకే కంచంలో తింటారు. నాలుగో అధ్యాయం చివర గాలి కోటా పెంచాలని కర్మాగారంలో సమ్మె మొదలైంది. మా హాలంతా ముందుకు వంగి కూర్చుంది.

అయిదో ఆదివారం సత్యారావు ఆలస్యంగా వచ్చాడు. రెండుసార్లు మంచినీళ్ళు తాగాడు. తర్వాత పుస్తకం తెరిచి, మేమెన్నడూ విననంత జోరుగా చదివాడు. చిత్రభాను హాజరు పుస్తకాన్ని కొలిమిలోకి విసిరేశాడు. వీరన్న భుజం మీద చెయ్యి వేసి, చంద్రుడి మీద ఎర్రజెండా ఎగరేశాడు. హాలు దద్దరిల్లింది. కోదండం గారు లేచి, "కామ్రేడ్స్, నేను ముందే చెప్పలేదా!" అన్నారు. ఏం చెప్పారో ఎవరూ అడగలేదు. ఆ రోజు సత్యారావు అరగంట సేపు పేజీ తిప్పకుండా చదివిన సంగతి కూడా ఎవరూ గమనించలేదు. చప్పట్లు కొట్టేటప్పుడు పేజీలు లెక్కపెట్టడం కుదరదు.

ఆరో వారం చిత్రభాను నిరాహార దీక్ష చేశాడు. ఏడో వారం ఓవర్సీరును ఘెరావ్ చేశాడు. చంద్రమండలంలో ఆ పద్ధతి అప్పటికే ఉండటం మాకు గర్వంగా తోచింది. హాలుకి 'చిత్రభాను భవనం' అని పేరు పెట్టాలని గవరయ్య ప్రతిపాదించాడు. ముందు వర్గం, వెనుక వర్గం తమ చరిత్రలో మొదటిసారి ఒకే పక్క చేతులెత్తాయి.

ఇప్పుడు తవిటమ్మ సంగతి చెప్పాలి. టికియాపారా యార్డులో రైలు పెట్టెలు కడిగే పని ఆవిడది. భర్త కూర్మయ్య మా కర్మాగారంలో ఖలాసీ. డెబ్బై నాలుగు మే నెలలో ఇరవై రోజులు జరిగిన రైల్వే సమ్మెలో జైలుకి పోయాడు, ఉద్యోగం పోయింది. డెబ్బై ఏడులో మళ్ళీ తీసుకున్నారు గాని, అప్పటికే ఊపిరితిత్తులు పోయాయి. ఎనభై మూడులో చనిపోయాడు. ఆ పని తవిటమ్మకి ఆయన చావు మీద వచ్చింది.

డ్యూటీ మారినప్పుడల్లా ఆవిడకి ఆదివారం తప్పిపోయేది. తప్పిన అధ్యాయం ఎవరినడిగినా "బాగుంది" అనేవారు తప్ప ఏం జరిగిందో చెప్పేవారు కారు. విసుగెత్తి, నలభై రెండేళ్ళ వయసులో సత్యారావు దగ్గరే అక్షరాలు నేర్చుకుంది. అతని ఇంటి అరుగు మీద రెండేళ్ళు కూర్చుని గుణింతాలు దిద్దింది. తను చదవడం నేర్పిన మనిషి చదవగలదని సత్యారావుకి తోచకపోవడం ఆశ్చర్యమేమీ కాదు. గురువులందరికీ అదే నమ్మకం.

అయిదో ఆదివారం తవిటమ్మకి డ్యూటీ. ఏడో వారం తర్వాత వచ్చిన బుధవారం సెలవు. మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి, "ఏటి బాబూ, ఆ పుస్తకం ఒకపాలి సూడనిస్తావా? అయిదోది తప్పిపోనాది" అంది. నిబంధనల ప్రకారం గ్రంథాలయంలో కూర్చుని పుస్తకం చదవడం నిషిద్ధం కాదు. ఎవరూ చెయ్యనిదాన్ని నిషేధించవలసిన అవసరం రాలేదు. బీరువా రెండో తాళం చెవి నా దగ్గరుంది. ఇచ్చాను.

వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, రెండు గంటలు చదివింది. మధ్యలో ఒకసారి పిలిచి, ఒక మాట చూపించి, "ఇది 'వీరన్న' కాదేటి?" అని అడిగింది. అవునన్నాను. ఇంకాసేపటికి "ఇది 'వెనక' కాదేటి?" అంది. అవునన్నాను. సాయంకాలానికి పుస్తకం మూసి, "నాకింకా సరిగ్గా సదవడం రానట్టుంది బాబూ. అందరూ సెప్పిన కత ఇందులో నేదు" అంది.

ఆవిడ వెళ్ళాక నేను ఆ అధ్యాయం చదివాను. ఆవిడకి చదవడం బాగానే వచ్చు. నేను పుస్తకాన్ని బీరువాలో పెట్టి, తాళం వేసి, చెవిని మామూలు చోట ఉంచాను. ఒక సహాయ కార్యదర్శి చెయ్యవలసిందంతా చేశాను.

ఆ ఆదివారం తవిటమ్మకి డ్యూటీ లేదు. ముందు వరసలో కూర్చుంది. సత్యారావు గొంతు సవరించుకుని ఎనిమిదో అధ్యాయం మొదలుపెట్టబోతుండగా లేచింది.

"అన్నియ్యా, అయిదోది నాను యినలేదు. ఒకపాలి సదువు."

"అది అయిపోనాది కదమ్మా" అన్నాడు సత్యారావు.

"అందరూ బాగుందన్నారు. మళ్ళీ యింతారు."

హాలు కూడా వింటామంది. జెండా ఎగరేసిన ఘట్టం రెండోసారి వినడానికి ఎవరికి చేదు? సత్యారావు పుస్తకం తెరిచాడు. పేజీ చూశాడు. భగవంతుడు ఆ గొంతును ఆ నిమిషంలో తిరిగి తీసేసుకున్నట్టు అయిపోయింది.

తవిటమ్మ వెళ్ళి అతని పక్కన నిలబడి, పుస్తకం మీద వేలు పెట్టింది. నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆవిడ చదివింది మూడు వాక్యాలు. అవి పూర్తవడానికి పట్టిన సమయంలో బెలూర్ వైపు రెండు లోకల్ బళ్ళు పోయాయి.

"పదకొండో రోజు తెల్లవారుతుండగా చిత్రభాను వెనుక తలుపు గుండా కర్మాగారంలోకి పోయాడు. పనికి రానివాళ్ళ పేర్లు తన చేత్తోనే రాసి ఓవర్సీరుకి ఇచ్చాడు. మొదటి పేరు వీరన్నది."



"ఆవిడకి సదవడం రాదు!" అని ముందుగా అరిచింది గవరయ్య. మనవడి పేరు ఆయన కళ్ళ ముందు తిరిగి ఉండాలి. "సత్యారావూ, నువ్వు సెప్పు. నిజం ఏటి?"

"ఆవిడ సదివిందే నిజం" అన్నాడు సత్యారావు. తల ఎత్తలేదు. "మిగిలిందంతా నాను కల్పించినాను. దీక్షా నాదే, ఘెరావూ నాదే. అందులో ఆళ్ళు వీరన్నని రాతి గనికి పంపించేసినారు. పదకొండేళ్ళు."

"ఎందుకు కల్పించారు?" అని అడిగారు కోదండం గారు.

సత్యారావు కోదండం గారికి కాకుండా తవిటమ్మకి జవాబు చెప్పాడు.

"నానూ పనికి యెల్లినానమ్మా. డెబ్బై నాలుగులో, అసన్సోల్ షెడ్డులో. ఈడు పదకొండు రోజులు ఆగినాడు, నాను నాలుగో రోజునే యెల్లినాను. మా పిల్లదానికి జొరం. జొరమే కారణమని శానాకాలం అనుకున్నాను. పేర్లు రాయనేదు. నన్నెవులూ రాయమని అడగనేదు. అడిగితే రాసుందునేమో. నాకు తెలీదు. శనివారం రాత్తిరి ఈ అధ్యాయం సదివి, ఆదివారం మీ మొహాలు సూసి, అది నోట రాక..."

హాలు తవిటమ్మ వైపు తిరిగింది. జైలుకి పోయినవాడి భార్య, పనికి పోయినవాడిని ఏం చేస్తుందో చూడాలని. కొందరు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

"అది నీ సంగతి అన్నియ్యా" అంది తవిటమ్మ. "నువ్వెళ్ళినావో మానినావో నానడగనేదు. నానడిగింది కత. మా ఆయన పేరు ఎవుడు రాసిచ్చినాడో తెలీకుండానే పోయినాడాయన. సచ్చే ముందర కూడా ఒకొక్కడి మొహం సూసి, ఈడేనేటే, ఈడేనేటే అని నన్నడిగీవోడు. నానేటి సెప్పగల్ను? కతలోనయినా తెలుత్తాదనుకుంటే, ఎవుడు రాసినాడో, వీరన్నకి తెలిసిందో నేదో, తెలిసి ఏటి సేసినాడో... అదీ దాసేసినావు. మూడు వారాలు నాకు జెండాలు సూపించినావు."

సత్యారావు ఏడ్చాడు. తవిటమ్మ ఏడవలేదు.

ఆ క్షణంలో మా అధ్యక్షులు చూపిన సమయస్ఫూర్తిని మెచ్చుకోకుండా ఉండలేను. వెంటనే లేచి, గొంతెత్తి, "కామ్రేడ్స్! ఈ హాల్లో ఈరోజు ఒక ద్రోహి ముసుగు తొలగింది!" అన్నారు. సత్యారావు చేతులు జోడించాడు. "కెప్టెన్ చిత్రభాను!" అని పూర్తి చేశారు కోదండం గారు. హాలంతా ఊపిరి పీల్చుకుంది. ఎన్నడూ పుట్టనివాడిని, తిరిగి మాట్లాడలేనివాడిని, బదిలీ మీద కూడా మన ఊరు రాలేనివాడిని ఖండించడంలో ఒక సౌఖ్యం ఉంది. ఆ సభే అత్యవసర సర్వసభ్య సమావేశంగా మారి, అరగంటలో తీర్మానం తయారైంది. చిత్రభాను కార్మికవర్గ ద్రోహి. హాలుకి పెట్టిన పేరు రద్దు. అతని బొమ్మ అట్ట మీద ఉన్న ఏడు పుస్తకాలకూ కాగితం అట్టలు వెయ్యాలి. గవరయ్య మనవడి పేరు విషయంలో సంఘం జోక్యం చేసుకోదు, అయితే కుటుంబం ఆత్మపరిశీలన చేసుకోవాలి. అందరూ చేతులెత్తారు. తవిటమ్మ ఎత్తలేదు, అయినా ఏకగ్రీవం అనే రాశాను; ఆవిడ ఆ సమయంలో పుస్తకం చదువుకుంటోంది.

రెండో అంశం సత్యారావు. దీనికి ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వెయ్యాలని గవరయ్య పట్టుబట్టాడు. సమంజసమే. విచారణ చేసేవాళ్ళు ఆ ఇరవై రోజుల సమ్మెలో ఒక్కరోజు కూడా పనికి పోనివాళ్ళై ఉండాలని కూడా అతనే అన్నాడు. అదీ సమంజసమే. అక్కడే చిక్కొచ్చింది.

మా కాలనీలో డెబ్బై నాలుగు సమ్మె వీరులు కానివారు లేరు. ఏటా మే నెలలో సభ పెట్టి ఒకరికొకరు దండలు వేసుకుంటాం. అయితే ఇప్పుడు వివరాలు అడిగేసరికి ఒక్కొక్కరికీ ఒక్కొక్క సంగతి జ్ఞాపకం వచ్చింది. కోదండం గారికి ఆ రోజుల్లో కామెర్లు. గవరయ్య మొదటి వారం ఉద్ధృతంగా పోరాడి, రెండో వారం పోరాటాన్ని లోపలి నుంచి సాగించాలని లోపలికి వెళ్ళాడు. పద్నాలుగు మందికి ఆ ఇరవై రోజుల్లోనే సొంత ఊళ్ళో అత్తగార్లు పోయారు. వారిలో కొందరు అత్తగార్లు ఆ తర్వాత మా కాలనీకి వచ్చి మనవల పెళ్ళిళ్ళు కూడా చూసి వెళ్ళారు.

నోటీసు పెట్టాం. 'అర్హులైన సభ్యులు పేర్లు ఇవ్వవలెను.' మొదటి నెల ఎవరూ ఇవ్వలేదు. రెండో నెలలో ఒక పేరు వచ్చింది. నోటీసు కిందనే, పెన్సిలుతో, వంకర అక్షరాలతో 'కూర్మయ్య' అని రాసి ఉంది. రాసిందెవరో చెప్పనక్కర్లేదు. కమిటీ ఈ విషయం లోతుగా చర్చించి, మరణించినవారు విచారణ సంఘంలో కూర్చోవడానికి నియమావళి ఒప్పుకోదని తేల్చింది. అర్హత గురించి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఈలోగా తవిటమ్మ పుస్తకం మళ్ళీ మొదలుపెట్టించింది. అయిదో అధ్యాయం నుంచి, ఉన్నది ఉన్నట్టు. ద్రోహి అని తీర్మానించిన మనిషి గురించి చదవడం తీర్మానానికి విరుద్ధం కాదా అని కోదండం గారు అడిగారు. "మరి ఆడేటి సేసినాడో తెలుసుకోకుండా తిట్టడం ఎలాగ బాబూ?" అంది తవిటమ్మ. దానికి నియమావళిలో జవాబు దొరకలేదు. సత్యారావు చదివేవాడు, ఆవిడ పక్కన పీట వేసుకుని, అతను చదివే వరస కింద వేలు పెట్టి కూర్చునేది. వేలు ఆగితే అతను ఆగేవాడు. మొదటి రెండు వారాలు అతని గొంతు వణికింది. తర్వాత తేరుకుంది. నిజం చెప్పాలంటే కల్పించిన వారాల కంటే బాగా చదివాడు. వినేవాళ్ళు వందకి చేరారు.

ఆఖరి అధ్యాయంలో వీరన్న గని నుంచి తిరిగొస్తాడు. తన పేరు రాసిందెవరో అతనికి గనిలోనే తెలిసింది. అయినా అరుంధతి నౌకలో కొలిమి పని ఖాళీ ఉందంటే, కెప్టెన్ పేరు చూసే ఎక్కుతాడు. మొదటి రోజు చిత్రభాను మెట్లు దిగి వచ్చి, వీరన్నని చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడతాడు. వీరన్న కొలిమి తలుపు తీసి, "తప్పుకో. సెగ తగుల్తుంది" అంటాడు. పుస్తకం అక్కడితో అయిపోయింది.

సత్యారావు పుస్తకం మూశాడు. తవిటమ్మ వేలు అట్ట మీదే ఉంది.

"తెలిసే ఎక్కినాడన్నమాట" అంది. "తిట్టనేదు. కొట్టనేదు. రోజూ ఎదురుగా నిలబడినాడు. అదే పెద్ద శిచ్చ." తర్వాత సత్యారావు వైపు తిరిగి, "నీళ్ళు తాగన్నియ్యా, గొంతు ఎండిపోనాది" అంది.

చాలామంది కళ్ళు ఒత్తుకున్నారు. ఎవరో ఒకరు లేచి, వీరన్నే క్షమించాడు కదా, మనం ఆ తీర్మానం రద్దు చేసుకుంటే ఏం అన్నారు. కోదండం గారు అంగీకరించలేదు. "వీరన్న వ్యక్తిగతంగా క్షమించి ఉండవచ్చు. సంఘం క్షమించదు" అన్నారు. చప్పట్లు పడ్డాయి. తీర్మానం ఈనాటికీ అమల్లో ఉంది. సత్యారావు మీద విచారణ కూడా అమల్లోనే ఉంది, సభ్యులు దొరకగానే మొదలవుతుంది.

ఇంత వివరంగా రాశాను కాబట్టి, ఆ ఇరవై రోజులూ నువ్వేం చేశావని పాఠకులు నన్నడగవచ్చు. కమిటీ అడగలేదు. అయినా చెబుతాను. నేను ఆఫీసులోనే ఉన్నాను. గుమాస్తాలకి పని ఎక్కువైన రోజులవి. రానివాళ్ళ పేర్ల జాబితా ఒకటి పైనుంచి చేతిరాతతో వచ్చేది, దాన్ని మూడు కాపీలు టైపు కొట్టడం నా పని. రాసిచ్చింది నేను కాదు. ఎవరు రాశారో ఆ చేతిరాత చూస్తే ఇప్పటికీ పోల్చగలను, అయితే పోల్చమని నన్నెవరూ కోరలేదు. అందులో ఏ ఏ పేర్లున్నాయో చదవలేదు. మంచి టైపిస్టు అక్షరాలు చూస్తాడు, పేర్లు చూడడు. మంచి టైపిస్టునని నాకు మెమో కూడా వచ్చింది.

లిలువాలో అర్హులు దొరకనందువల్ల కమిటీ ఇటీవల నిబంధన సడలించింది. విచారణ సంఘంలో మూడు స్థానాలూ ఖాళీయే. రైల్వే ఉద్యోగులే కానక్కర్లేదు. ఆ ఇరవై రోజులే కానక్కర్లేదు. మీ జీవితంలో, పక్కవాడికి మీ అవసరం పడినప్పుడు, ఏ సాకూ లేకుండా నిలబడిన ఇరవై రోజులు వరసగా చూపించగలిగితే చాలు. వివరాలు మీ స్వహస్తంతో రాసి సంఘం చిరునామాకి పంపండి. దరఖాస్తులు పరిశీలించే బాధ్యత తవిటమ్మకి అప్పగించాం. కాస్త నిదానంగా చదువుతుంది. రాయని మాట చదవదు, రాసిన మాట వదలదు.